అందరూ నవ్విన సినిమాకి నాకు నవ్వు రాలేదు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఇంటి విషయాల మీద మీ ప్రశ్నలకు మేడమ్ సలహాలిచ్చే మన ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. 2025 మార్చి 1న వెంకటేష్ సినిమా ‘సంక్రాంతికి వస్తున్నాం’ టీవీలో వచ్చింది. పండక్కి హాల్లో చూసి వాదించుకున్నవాళ్ళు మళ్ళీ ఇంట్లో కూర్చుని వాదించుకున్నట్టున్నారు. మొదటి ఫోన్ విజయవాడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. మా అత్తగారిది పాలకొల్లండి. మేం విజయవాడలో ఉంటాం. పండక్కి అందరం పాలకొల్లు చేరాం. కనుమ నాడు మావయ్యగారు మొత్తం పదిహేడు మందికి టికెట్లు తెచ్చారండి. హాల్లో అందరూ ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. భర్త పాత లవర్ ఎదురైతే భార్య ఉడుక్కోవడం, ఆ ఇద్దరాడవాళ్ళూ ఒక మగాడి కోసం పోట్లాడుకోవడం, నాకు చిరాకేసింది. పైగా అందులో ఆ పిల్లాడు బుల్లిరాజు బూతులు. మా బాబుకి ఎనిమిదేళ్ళండి. ఇంటికొచ్చిన రాత్రే వాళ్ళ పెదనాన్నని ఒక మాట అన్నాడు. అందరూ నవ్వేశారు.

మేడమ్: మీరేం చేశారమ్మా?

శ్రోత: మర్నాడు భోజనాల దగ్గర నా అభిప్రాయం చెప్పానండి. అంతే. అత్తయ్యగారు ముఖం ముడుచుకున్నారు. “నవ్వుకోవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా అమ్మా” అన్నారు. మా ఆయనేమో పండగంతా పాడుచేశానంటున్నారు. మొన్న టీవీలో వచ్చినప్పుడు మళ్ళీ అక్కడే ఉన్నాం. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. దానికీ గొడవే. నచ్చకపోతే నచ్చలేదని చెప్పే హక్కు కూడా లేదా నాకు?

మేడమ్: ఉంది. అందులో సందేహమే లేదు. కానీ ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. భోజనాల దగ్గర మీరన్న మాట ఏంటి? అభిప్రాయం అన్నారు కదా, ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

శ్రోత: (కాసేపు ఆగి) “ఇంత చెత్త సినిమాకి అంతలా ఎలా నవ్వారో నాకు అర్థం కావట్లేదు” అన్నానండి.

మేడమ్: ఆ వరుసలో ఎవరెవరు కూర్చున్నారు?

శ్రోత: అత్తయ్యగారు, మావయ్యగారు, బావగారు, తోడికోడలు, మా ఆడపడుచు, పిల్లలు... అందరూనండి.

మేడమ్: అత్తయ్యగారు హాల్లో సినిమా చూసి ఎన్నాళ్ళయింది?

శ్రోత: నా పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదండి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఆ రోజు మా బావగారూ మా ఆయనా చెరో పక్క పట్టుకుని బాల్కనీ మెట్లు ఎక్కించారు.

మేడమ్: చూడండమ్మా. ఆవిడ అన్నేళ్ళకి హాలుకొచ్చారు, ఇద్దరు కొడుకులూ రెక్కలు పట్టుకుని మెట్లెక్కించారు, వెంకటేష్‌ని చూసి కడుపారా నవ్వుకున్నారు. మీరు సినిమాని అన్నాననుకున్నారు గానీ ఆవిడకి తగిలింది ఆవిడ నవ్వుని అన్నట్టుగా. “ఎలా నవ్వారు” అనే ముక్క ఉంది చూశారూ, అదే ముల్లు. “నాకు ఆ సీను నచ్చలేదత్తయ్యా, ఆడవాళ్ళిద్దరినీ అలా పోట్లాడించడం బాగాలేదు” అనుంటే, ఆవిడ కాదనొచ్చు, వాదించొచ్చు, కానీ నొచ్చుకునేవారు కాదు.

శ్రోత: అంటే నేనే సారీ చెప్పాలా మేడమ్?

మేడమ్: ఆ ఒక్క మాటకి చెప్పండి. మీ అభిప్రాయానికి చెప్పొద్దు. మీరన్న దాంట్లో నేను ఒప్పుకునేది చాలా ఉంది. నేనూ చూశాను. ఐశ్వర్యా రాజేష్ ఆ భార్య భాగ్యం పాత్ర చేసిన తీరుకి నాకు నవ్వొచ్చింది, మీకు రాలేదు, సరే. కానీ పిల్లాడి బూతుల దగ్గర నాకూ ఇబ్బందిగానే అనిపించింది. వాడు ఓటీటీ చూసి అలా తయారయ్యాడని సినిమాలోనే చెప్పారు. అయితే హాల్లో కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఆ సంగతి పట్టదు. ఆ మాట పడినప్పుడల్లా హాలంతా గొల్లుమనడం ఒక్కటే వాడికి గుర్తుంటుంది. ఇంటికొచ్చి తనూ అంటే ఇంట్లోనూ నవ్వారు. ఇంకేం కావాలి వాడికి?

శ్రోత: అదేనండి నా బాధ. టీవీలో వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాడు.

మేడమ్: దీన్ని సినిమా గొడవలో కలపకండి. ఇది పిల్లాడి పెంపకం సంగతి, విడిగా మాట్లాడండి. మీ ఆయనతో ముందు. సినిమా మంచిదా చెడ్డదా అనే ఊసే ఎత్తకుండా, “వీడు ఆ మాటంటే ఎవరూ నవ్వకుండా ఉంటే చాలు, మీ అన్నయ్యకి కూడా మీరే చెప్పండి” అనండి. నవ్వేవాళ్ళు లేకపోతే పిల్లలు తొందరగానే మానేస్తారు.

యాంకర్: మేడమ్, అసలు ఒకే సినిమాకి ఒకరు నవ్వితే ఇంకొకరికి ఎందుకు కష్టమనిపిస్తుంది?

మేడమ్: మా ఇంట్లో జరిగింది చెప్తాను. 1987లో జంధ్యాల గారి ‘అహ నా పెళ్ళంట’ వచ్చినప్పుడు మేం నలుగురం వెళ్ళాం. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు గారు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటారు, గుర్తుందా? హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వుతోంది. మా నాన్నగారు మాత్రం తెరవైపు చూడకుండా తల వంచుకుని కూర్చున్నారు. ఆ రాత్రి అమ్మ అడిగితే చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళ అన్నదమ్ములు ముగ్గురూ ఒక్క పచ్చిమిరపకాయ మధ్యలో పెట్టుకుని గంజి తాగేవాళ్ళట. “దానికి నేను నవ్వలేనే” అన్నారు. తర్వాత ఎన్నోసార్లు ఆ సినిమా టీవీలో వచ్చింది. ఆ సీను వచ్చేసరికి నాన్నగారు లేచి వరండాలోకి వెళ్ళేవారు. అమ్మ అక్కడే కూర్చుని నవ్వేది. సీనయ్యాక “రండి, అయిపోయింది” అని పిలిచేది. ఒకళ్ళనొకళ్ళు ఏమీ అనుకోలేదు. ఎందుకంటే ఆయన ఎందుకు నవ్వడో ఆవిడకి తెలుసు.

అమ్మా, వింటున్నారా? మీరు కూడా లేచి లోపలికి వెళ్ళారు. కానీ మీరెందుకు వెళ్ళారో ఎవరికీ తెలీదు. మీ మనసులో ఉన్నది చెప్పలేదు, చెత్త అని మాత్రమే చెప్పారు.

శ్రోత: (మెల్లగా) నిజమేనండి... మా అమ్మ జీవితమంతా అలాంటి గొడవతోనే గడిచిందండి. నాన్నగారి విషయంలో. అది ఎవరితో చెప్తాను?

మేడమ్: అందరితో అక్కర్లేదు. మీ ఆయనతో చెప్పండి, ఈ రాత్రే. అత్తయ్యగారికి మాత్రం ఫోన్ చేసి, “ఆ రోజు మాట తూలాను అత్తయ్యా, మీకు అందులో ఏది బాగా నచ్చింది?” అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆవిణ్ణి చెప్పనివ్వండి.

శ్రోత: చేస్తానండి. థాంక్యూ మేడమ్.

యాంకర్: తర్వాతి ఫోన్ హైదరాబాద్ నుంచి.

శ్రోత: మేడమ్, నాది రివర్స్ ప్రాబ్లమ్. నాకు అదే సినిమా బాగా నచ్చింది. ఆఫీసులో చెప్పాను. లాజిక్ లేని సినిమాలు నచ్చేవాడని ముద్ర వేసేశారు. కలెక్షన్లు చూపించినా వినట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది, లంచ్‌కి వాళ్ళతో కూర్చోబుద్ధి కావట్లేదు.

మేడమ్: బాబూ, కలెక్షన్లు ఎందుకు చూపించారు? సినిమాకి ఎంతొచ్చిందో నిర్మాతకి కావాలి. మీకు ఎందుకు నచ్చిందో చెప్పండి, నాకు.

శ్రోత: వెంకటేష్ మేడమ్. రెండువైపులా ఇరుక్కుపోయి ఏం చెయ్యాలో తెలీక ఒక చూపు చూస్తాడు చూడండి...

మేడమ్: అదిగో! అది చెప్పాలి. పెద్ద హీరో అయ్యుండి ఇంట్లో నిస్సహాయంగా నిలబడటానికి ఆయన మొహమాటపడడు. ‘నువ్వు నాకు నచ్చావ్’, ‘మల్లీశ్వరి’ రోజుల నుంచీ అంతే. నాకూ ఆయనలో ఇష్టమైనది అదే. మీ ఫ్రెండ్స్ లాజిక్ లేదంటే ఒప్పుకోండి. కిడ్నాప్ కథ దగ్గర నిజంగానే లేదు. ఒప్పుకున్నంత మాత్రాన మీకొచ్చిన నవ్వు ఎక్కడికీ పోదు. లంచ్‌కి వెళ్ళి కూర్చోండి.

యాంకర్: ఈ రోజుకి చివరి ఫోన్. ఏలూరు నుంచి ఒక పెద్దాయన.

శ్రోత: నమస్కారమమ్మా. డిసెంబర్‌లో డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరున్నాను. క్రిస్మస్‌కి మా మనవడు ‘హోమ్ అలోన్’ పెట్టాడు. వాడికి ప్రాణం ఆ సినిమా అంటే. తల్లిదండ్రులు ఊరెళుతూ పిల్లాణ్ణి ఇంట్లో మర్చిపోవడమేంటి, దాన్ని చూసి నవ్వడమేంటి అని నేను కోప్పడ్డాను. వాడు ఏడ్చి గదిలోకి పోయాడు. ఇప్పుడు వీడియో కాల్‌లో కూడా సరిగ్గా మాట్లాడట్లేదమ్మా.

మేడమ్: చివరిదాకా చూశారా బాబాయిగారూ?

శ్రోత: లేదమ్మా. దొంగల మొహాన పెయింటు డబ్బాలు తగిలే దగ్గర లేచిపోయాను.

మేడమ్: అయితే మీకు కావలసింది మీరు చూడలేదు. 1990 నాటి సినిమా అది. పిల్లాడు తమతో లేడని తెలిసిన క్షణం నుంచి ఆ తల్లి నిద్రపోదు. పారిస్ నుంచి వెనక్కి బయలుదేరి, మీరున్న ఆ డల్లాస్ మీదుగానే, దొరికిన విమానమల్లా ఎక్కుతుంది. ఇంక టికెట్ దొరకదంటే, ఎవరో వాద్యబృందం వాళ్ళ వ్యానులో కూర్చుని రాత్రంతా ప్రయాణం చేసి క్రిస్మస్ పొద్దున ఇల్లు చేరుతుంది. మీకొచ్చిన కోపం ఆ తల్లికి తన మీద తనకే వచ్చింది.

శ్రోత: అవునా అమ్మా...

మేడమ్: ఆదివారం మనవడికి ఫోన్ చెయ్యండి. “నేను సగమే చూశానురా, వాళ్ళమ్మ ఎలా వచ్చిందో నువ్వే చెప్పు” అనండి.

శ్రోత: వాడికి డైలాగులతో సహా వచ్చమ్మా.

మేడమ్: అయితే కాస్త ఎక్కువసేపు మాట్లాడేలా చార్జింగ్ పెట్టుకుని కూర్చోండి.