కమ్మలు ఆమెవి, సంతకం ఆయనది

సభకు నమస్కారం.

నగల గురించి మాట్లాడమన్నారు. కాసులపేరుతోనో వడ్డాణంతోనో మొదలుపెడితే అందంగా ఉంటుంది. నేను చీపురుపుల్లతో మొదలుపెడతాను.

ఈ అనంతపురం జిల్లాలోనే చాలా ఏళ్లు ఒక బ్యాంకులో, బంగారం మీద అప్పులిచ్చే కౌంటరులో కూర్చున్నాను. జూన్‌లో తొలకరి పడగానే వేరుశనగ విత్తనాల కోసం జనం వచ్చేవారు. ఆయన ముందు, ఆమె ఒక అడుగు వెనక. బంగారం నాణ్యత, బరువు చూసే అప్రైజరు చెయ్యి చాచగానే ఆమె తల పక్కకు వంచి కమ్మలు విప్పేది. ఆ తర్వాత చెంగు ముడిలోంచి రెండు చీపురుపుల్ల ముక్కలు తీసి, ఖాళీ అయిన చెవి రంధ్రాల్లో పెట్టుకునేది. లేకపోతే రంధ్రాలు పూడుకుపోతాయి. ఆ ముక్కలు ఇంటి దగ్గరే కొలిచి విరిచినవి. కమ్మలు వెనక్కి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో ఆమెకు ముందే తెలుసు.

అప్రైజరు గీటురాయి మీద గీసి, రాళ్లూ లక్కా పోను నికర బరువు చెప్పేవాడు. అప్పు మాత్రం ఆయన పేరునే. పంట రుణానికి పట్టాదారు పాసుపుస్తకం అడిగేవాళ్లం, అది ఆయనది. ఆ కాగితాల్లో ‘ఈ నగలు నా సొంతం’ అని ఒక వాక్యం ఉండేది. దాని కింద ఆయన సంతకం. అప్పుడే ఆమె చెవుల నుంచి తీసిన కమ్మలవి, ఇంకా వేడి కూడా ఆరలేదు! ఆ కాగితం ముందుకు జరిపింది నేనే, ఒకరి మీద నెట్టడం లేదు.

‘నగ స్త్రీ స్వాతంత్ర్యానికి గుర్తు’ అని మీరు పెట్టిన శీర్షిక చూడగానే నాకు ఆ సంతకమే గుర్తొచ్చింది.

నగ ఆమెదేనని చెప్పిన గ్రంథాలకు కొదవలేదు. స్త్రీధనం, అంటే స్త్రీకి సొంతమైన ఆస్తి, రెండు రకాలంటుంది అర్థశాస్త్రం. జీవనానికిచ్చే సొమ్ము వృత్తి, ఒంటికి పెట్టుకునేది ఆబంధ్యం. వృత్తికి రెండు వేల పణాల (ఆనాటి నాణేల) లెక్క చెప్పి, నగలకు మాత్రం పరిమితి లేదంది. ఎంత ఉదారం! కానీ యాజ్ఞవల్క్య స్మృతికి వచ్చేసరికి ఒక మెలిక ఉంది. కరువులో, ధర్మకార్యంలో, జబ్బులో, నిర్బంధంలో భర్త వాడుకున్న స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వనక్కరలేదట. శ్లోకంలో మొట్టమొదటి మాట ‘దుర్భిక్షే’, అంటే కరువులో. మరొక సీమలో అది ఎప్పుడో వచ్చే ఆపద కావచ్చు. ఇక్కడ అది రెండు మూడేళ్లకొకసారి వచ్చే చుట్టం.

1876–78 ధాత కరువు రోజుల్లో కరువు సీమల వెండి నగలు కరగడానికి బొంబాయి టంకశాలకు చేరాయి. 1931లో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే తన డబ్బు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతిని, వదిలేశాక బంగారం ధర పెరిగింది, పంటల ధరలేమో అప్పటికే పడిపోయాయి. పల్లెల్లో అమ్ముకున్న నగలు ఓడలెక్కి దేశం దాటాయి. అలా పోయిన కడియాలకు ‘నావి’ అన్న హక్కు ఏం మిగిలింది?

వైభవం గురించి కూడా ఒక్క మాట చెప్పాలి కదా. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, మహర్నవమి ఉత్సవంలో నగల బరువు మోయలేని స్త్రీల చేతులను పక్కవాళ్లు పట్టుకుని నడిపించారని రాశాడు. దాన్ని స్వాతంత్ర్యం అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇక చట్టం. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, భర్త దగ్గర ఉన్నా అది నమ్మి అప్పగించిన సొత్తేనని, ఎగ్గొడితే నమ్మకద్రోహం కేసు పెట్టవచ్చని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా మన రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మినహాయించి. దేశమంతటికీ ఆ వాటా రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

కానీ వాటా అడిగిన కూతురికి పుట్టింట్లో దొరికే జవాబు మీకందరికీ తెలుసు. ‘పెళ్లికి బంగారం పెట్టాం కదమ్మా, ఇంకా భూమేమిటి?’ నాకు కోపం వచ్చేది ఇక్కడే. భూమికి బదులుగా నగ ఇచ్చారు. భూమి లేదు కాబట్టి పాసుపుస్తకం లేదు. పాసుపుస్తకం లేదు కాబట్టి ఆ నగ కూడా మా కౌంటరు దగ్గరికొచ్చేసరికి ఆయన సంతకం కిందికి పోయింది.

ఒకసారి ఒకామె జనవరిలోనే కమ్మలు విడిపించుకుంది. ఆ ఏడాది కాయ బాగా పట్టింది. కౌంటరు దగ్గరే నిలబడి చెవుల్లోని పుల్లలు తీసి, కమ్మలు పెట్టుకుని, అద్దం లేక నా కళ్లద్దాల్లో చూసుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆ పుల్లలను జాగ్రత్తగా చెంగుకు ముడి వేసుకుంది.

‘‘అవి పారేయకపోయావా?’’ అన్నాను.

‘‘జూన్ వస్తుంది కదా మేడం’’ అంది.