గంటకు 1500 ఇచ్చి కెరీర్ కోచింగ్‌కి వెళ్ళాను. డబ్బులు దండగయ్యాయా?

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట. ఈ వీడియోకి నాకెవరూ డబ్బులివ్వలేదు, కింద కూపన్ కోడ్ కూడా లేదు. నేను వెళ్ళిన కోచ్ పేరు చెప్పను. చెబితే రేపు మీరు వెళ్తారు, మీకు నచ్చకపోతే నన్ను తిడతారు. పైగా ఇది ఆవిడ మీద రివ్యూ కాదు. బ్యాచ్‌లో కాకుండా, మనం ఒక్కళ్ళమే ఎదురుగా కూర్చుని మాట్లాడే కెరీర్ కోచింగ్ ఉంటుంది చూశారా, ఆ పద్ధతి మీద రివ్యూ.

మొత్తం నాలుగు సెషన్లు. ఒక్కోటి గంట, గంటకు 1500 చొప్పున 6000 అయింది. ఇంట్లో చెప్పగానే నాన్న, "మాట్లాడ్డానికి డబ్బులెందుకురా? మన అరుగు మీద కూర్చుంటే ఊరికే చెబుతారు కదా" అన్నారు. నిజమే, సలహాలు ఊరికే వస్తాయి. బ్యాంక్ కోచింగ్‌లో చేరమని పెద్దనాన్న, గ్రూప్స్ రాయమని పక్కింటి మాస్టారు, అప్పో సొప్పో చేసి అమెరికా వెళ్ళిపొమ్మని బావ. ఎవరి మాటా తీసెయ్యదగ్గది కాదు. కాకపోతే వాళ్ళలో ఒక్కరూ నన్నొక ప్రశ్న అడగలేదు.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. గుంటూరు వైపు మాది. బీటెక్ ఈసీఈ. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. ఏడాది పైన ఇంటి దగ్గరే ఉన్నాను. ఆ తర్వాత అందరిలాగే అమీర్‌పేట. మైత్రీవనం దగ్గర బస్సు దిగగానే చేతిలో పాంప్లెట్లు పెడతారు కదా, అందులో ఒకటి పట్టుకుని డెమో క్లాస్‌కి వెళ్ళి జావా బ్యాచ్‌లో చేరాను. సార్ బాగానే చెప్పేవారు, ఆయన్ని అనడానికేం లేదు. కానీ హాల్లో వందమందికి పైగా ఉండేవాళ్ళం. వెనక వరసలో వాడికి అర్థమైందా లేదా అని అంతమందిలో ఎవరు చూస్తారు? నాలుగు నెలలయ్యాక చేతిలో ఒక సర్టిఫికెట్, ఎస్సార్ నగర్ హాస్టల్ బాకీ, బోలెడంత టెన్షన్ మిగిలాయి.

అప్పుడు వెళ్ళాను కోచింగ్‌కి.

మొదటి సెషన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా 6000లో సగం విలువ అక్కడే ఉంది. మేడమ్ చాలా ఏళ్ళు హెచ్ఆర్‌లో చేసి బయటికొచ్చిన మనిషి. నా రెజ్యూమే ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టి, చేతిలో ఫోన్ పట్టుకుని, "నీ గురించి చెప్పు" అని స్టాప్‌వాచ్ ఆన్ చేశారు. నేను మొదలుపెట్టాను. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్, మై హాబీస్ ఆర్... అంతా బట్టీ. ఆపేసరికి 1 నిమిషం 50 సెకన్లు. "ఇంతసేపూ మీ అమ్మానాన్నల గురించి తెలిసింది. ఉద్యోగం వాళ్ళకా, నీకా?" అన్నారు. నవ్వుతూనే అన్నారులెండి. కానీ ఆ పాఠం నేను ఎన్ని ఇంటర్వ్యూల్లో అప్పజెప్పానో నాకు తెలుసు. ఒక్కరూ ఇలా ఆపి చెప్పలేదు. వాళ్ళు 'వుయ్ విల్ గెట్ బ్యాక్ టు యూ' అంటారు, మనం లిఫ్ట్ ఎక్కి కిందికొచ్చేస్తాం.

తర్వాత రెజ్యూమే. పైన ఫొటో, నాన్న పేరు, పుట్టిన తేదీ, కింద 'ఐ హియర్‌బై డిక్లేర్' అని సంతకం. మీలో చాలామందిదీ ఇదే ఫార్మాట్ అని నాకు తెలుసు, సీనియర్ దగ్గర తీసుకుని పేరు మార్చుకుంటాం కదా. పెన్‌తో అవన్నీ కొట్టేశారు. ప్రాజెక్ట్ దగ్గర ఆగి, "ఇది చేసిందా, కొన్నదా?" అన్నారు. నేను కాసేపు గోడ మీద క్యాలెండర్ చూశాను. కొన్నదే. ఆ లైనూ పోయింది. పేజీలో సగం ఖాళీ.

"బీటెక్ అయ్యాక ఏడాది పైన ఏం చేశావు?"

"ఏం లేదు మేడమ్, ఖాళీ."

"పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళలేదా?"

వెళ్ళాను. గుంటూరులో మా మేనమామకి మందుల ఏజెన్సీ ఉంది. పద్నాలుగు నెలలు అక్కడే కూర్చున్నాను. జీతం అని ఏం లేదు, మామయ్య ఖర్చులకిచ్చేవాడు. నా దృష్టిలో అది ఉద్యోగమే కాదు, అందుకే రాయలేదు. ఏం చేసేవాడివి అని ఒక్కో ప్రశ్నా వేస్తుంటే చెప్పుకుంటూ పోయాను. హోల్‌సేల్ మందుల్లో పెద్ద తలనొప్పి ఎక్స్‌పైరీ. స్టాక్ వెనక్కి పంపి క్లెయిమ్ చేసుకోవడానికి ఒక్కో కంపెనీకి ఒక్కో గడువు ఉంటుంది. అది దాటితే నష్టం మనదే. మామయ్య దగ్గర అదంతా ఒక పాత నోటు పుస్తకంలో ఉండేది. నేను ఎక్సెల్‌లో బ్యాచ్ నంబర్ల వారీగా ఎక్కించి, గడువు మూడు నెలల్లోకి వచ్చిన స్టాక్ ఎర్రగా కనపడేలా పెట్టాను. ప్రతి సోమవారం ఆ ఎర్ర లైన్లు చూసి కుర్రాడు ర్యాకుల్లోంచి డబ్బాలు తీసేవాడు. అంతే.

మేడమ్ పెన్ కింద పెట్టి, "ఇది దాచిపెట్టి, కొన్న ప్రాజెక్ట్ రాశావా?" అన్నారు.

ఇది ఏ బ్యాచ్ క్లాసులోనూ నాకు చెప్పలేదు, చెప్పడం కుదరదు కూడా. వందమందిలో నా మామయ్య ఏజెన్సీ గురించి ఎవరడుగుతారు?

రెండో సెషన్‌కి నేనే ఒక ప్రశ్న పట్టుకెళ్ళాను. అప్పటికి ఒక కన్సల్టెన్సీ వాడు నా వెంట పడుతున్నాడు. మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెడతాను, పేస్లిప్పులు కూడా నేనే ఇస్తాను, ఉద్యోగం వచ్చాక ఇంత కట్టు అని. పెట్టెయ్యమంటారా అని అడిగాను. వద్దు అంటారని ఊహించాను కానీ నీతులు చెబుతారేమో అనుకున్నా. అదేం లేదు. పీఎఫ్ గురించి చెప్పారు. పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ యూఏఎన్ అని 12 అంకెల నంబర్ ఉంటుంది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానేశాడు అన్నది సర్వీస్ హిస్టరీలో కనపడుతుంది. మనం రాసింది నిజమేనా అని చూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు ముందు అదే అడుగుతాయి. దానికితోడు మన పేరు మీద కోసిన పన్ను లెక్క చూపే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ ఫామ్ 26ఏఎస్, బ్యాంక్ స్టేట్‌మెంట్. "పేస్లిప్ ప్రింట్ తీయొచ్చు. మూడేళ్ళ పీఎఫ్ ఎక్కడ ప్రింట్ తీస్తాడు?" అన్నారు. ఆ రోజే కన్సల్టెన్సీ నంబర్ బ్లాక్ చేశాను. ఈ ఒక్క గంటకి 1500 నాకు చాలా చవక.

మూడోది మాక్ ఇంటర్వ్యూ, వీడియో తీసి చూపించారు. ప్రతి జవాబు ముందూ 'యాక్చువల్లీ' అంటున్నానట. లెక్కపెడితే 23 సార్లు. పరవాలేదు, పనికొచ్చింది. నాలుగోది లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ సర్దడం. నిజం చెప్పాలంటే దండగ. అది యూట్యూబ్ చూసి మనమే చేసుకోవచ్చు. అందుకే నాలుగింటి ప్యాకేజీ ముందే కట్టకండి. ఒక్కటి తీసుకుని చూడండి, అవసరమైతే రెండోది.

ఇంకో విషయం కూడా నాకు నచ్చలేదు. ఇలాంటి కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఫలానా పరీక్ష పాసవ్వాలి అనేదేం లేదు. నిన్న ఉద్యోగం మానేసినవాడు ఇవాళ కోచ్. కాబట్టి గతంలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకున్న అనుభవం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ఉద్యోగం గ్యారంటీ అన్నాడంటే అక్కడే లేచి వచ్చెయ్యండి.

6000 లేవా? ముందు ఖర్చు లేని దారులు చూడండి. కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది. అందులో రిజిస్ట్రేషన్ ఉచితం, ఉద్యోగాలతో పాటు కౌన్సెలింగ్ సదుపాయం కూడా పెట్టారు. కాలేజీలో ఉన్నవాళ్ళు తెలంగాణలో టాస్క్ (ప్రభుత్వ స్కిల్ ట్రైనింగ్ సంస్థ), ఏపీలో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఏమేం చేస్తున్నాయో ప్లేస్‌మెంట్ సెల్‌లో అడగండి. అదీ కాదంటే మీకంటే నాలుగేళ్ళు ముందు పాసైన సీనియర్‌ని ఒక గంట కూర్చోబెట్టండి. ఒక్కటే షరతు: సలహా చెప్పమని కాదు, నన్ను ప్రశ్నలడగమని చెప్పండి.

స్టూడెంట్స్ సంగతికొస్తే, మా చెల్లి ఇంటర్ బైపీసీ. దాన్ని కూడా ఒక గంటకి తీసుకెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. ఏ ప్రశ్న అడిగినా అమ్మే జవాబు చెబుతుంటే మేడమ్ ఓ పది నిమిషాలు చూసి, "అమ్మా, మీరు కాసేపు బయట టీ తాగి రండి" అన్నారు. అమ్మకి కోపం వచ్చింది. బయటికొచ్చి నాతో మాట్లాడలేదు. లోపల చెల్లి ఏం చెప్పిందో పూర్తిగా నాకూ తెలియదు కానీ, నీట్ లాంగ్ టర్మ్ తనకి ఇష్టం లేదని మొదటిసారి అక్కడ అందట. అగ్రికల్చర్ బీఎస్సీ గురించి మాట్లాడుతూ "మీకు పొలం ఉందా?" అని అడిగారట. ఉంది. అయితే రైతు కోటా చూసుకోండి, పొలం కాగితాలు, పల్లెలో చదివినట్టు సర్టిఫికెట్లు ఇప్పుడే సిద్ధం చేసుకోండి అన్నారు. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంలో, అంటే గుంటూరు పక్కనే ఉంది. ఇన్నేళ్ళు దాని ముందు నుంచే బస్సులో తిరిగాం. ఆ కోటా మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఇక అందరూ అడిగేది. ఉద్యోగం వచ్చిందా? వచ్చింది, కానీ వెంటనే కాదు, కోచింగ్ అయ్యాక ఐదో నెలలో. సాఫ్ట్‌వేర్ కాదు. మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌లో స్టాక్ రిపోర్టులు తయారుచేసే పని. జీతం గొప్పగా లేదు, హాస్టల్ బాకీ మాత్రం తీరింది. ఇంటర్వ్యూలో మేనేజర్ రెజ్యూమేలో ఆ ఏజెన్సీ లైన్ మీద వేలు పెట్టి, "మూడు నెలలే ఎందుకు, రెండు ఎందుకు కాదు?" అని అడిగారు. మామయ్య పుస్తకంలో ఏ కంపెనీకి ఎంత గడువు ఉండేదో గుర్తున్నంత వరకు చెప్పుకుంటూ పోయాను. ఒక్క 'యాక్చువల్లీ' కూడా రాలేదు.

ఆ షీటు మామయ్య ఇప్పటికీ వాడుతున్నాడు. పోయిన నెల ఏదో ఫార్ములా చెరిపేసి, అన్ని లైన్లూ ఎర్రగా అయిపోయాయిరా అని పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేశాడు. సరే, ఉంటాను.