మా ఇంట్లో ఎవరికీ లేదు కదా!

హోస్ట్: నమస్కారం. పలాస చుట్టుపక్కల చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన సిస్టర్ గారు ఈరోజు మనతో ఉన్నారు. సిస్టర్ గారూ, రొమ్ము క్యాన్సర్ గురించి ఆడవాళ్లు మిమ్మల్ని ముందుగా ఏం అడుగుతారు?

సిస్టర్: అడగరమ్మా, వాళ్లే నాకు చెబుతారు. "మా ఇంట్లో ఎవరికీ లేదు, నలుగురికీ నా పాలే పట్టాను, నాకెందుకొస్తుంది?" అని. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ ఈ ధీమాతోనే నెలల తరబడి గడ్డ పెట్టుకుని తిరిగింది.

హోస్ట్: పాలివ్వడం మంచిదేగా మరి?

సిస్టర్: మంచిదే. 30 దేశాల అధ్యయనాలు కలిపి 2002లో లెక్క తేల్చారు. పాలిచ్చిన ప్రతి ఏడాదికీ ముప్పు 4.3 శాతం తగ్గుతుంది. ప్రతి కాన్పుకూ ఇంకో 7 శాతం. నలుగురికీ ఏడాదిన్నర చొప్పున పట్టావనుకో, పాల వల్ల దాదాపు పావు వంతు తగ్గింది. మిగతా ముప్పావు ఎక్కడికి పోతుంది?

హోస్ట్: వంశంలో లేకపోతే?

సిస్టర్: పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల వచ్చేవి నూటికి ఐదో పదో. అదీ తల్లి వైపే చూసుకుంటారు. బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపం నాన్న వైపు నుంచీ వస్తుంది, మేనత్తల సంగతి కూడా కనుక్కోవాలి. అసలు సగం మందిలో ఆడపుట్టుక, వయసు తప్ప వేరే కారణమే కనపడదు.

హోస్ట్: అబ్బా! అయితే మన చేతుల్లో ఏముంది?

సిస్టర్: పన్నెండేళ్లలోపే పెద్దమనిషి అవడం, 55 దాటాక ముట్లు ఆగడం, ఇవి మన చేతుల్లో లేవు. ముట్లాగాక ఒళ్లు పెరగకుండా చూసుకోవడం, మద్యం జోలికి పోకపోవడం, ఒళ్లు వంచడం ఉన్నాయి. నాట్లేసే మనిషికి నేను వాకింగ్ చెప్పను. కుర్చీలో కూర్చుని పనిచేసే ఆవిడ కూతురికి చెబుతాను.

హోస్ట్: గర్భసంచి తీయించేసుకుంటే రాదంటారు...

సిస్టర్: దీని మీద నాకు కోపమొస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువ, అదీ చిన్న వయసులోనే. సంచి ఒక్కటే తీస్తే రొమ్ముకి రక్షణేమీ లేదు. ముట్లాగకముందే అండాశయాలు రెండూ తీస్తే ముప్పు తగ్గుతుంది నిజమే, కానీ ఎముకలు, గుండె దెబ్బతింటాయి. బీఆర్‌సీఏ లాంటి గట్టి కారణం లేకుండా ఎవరూ ఆ పని చేయించుకోకూడదు.

హోస్ట్: ఆ ఫ్యాక్టరీ ఆవిడ జీడి నూనె వల్లే వచ్చిందేమో అనుకుందా?

సిస్టర్: అనుకుంది, నల్లబడిన వేళ్లు చూపించింది కూడా. ఆ నూనె చర్మాన్ని కాలుస్తుందే గానీ, రొమ్ము క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారం లేదు. ఆలస్యానికి కారణం వేరు, గడ్డ నొప్పి పెట్టలేదు. నొప్పి లేదంటే ప్రమాదం లేదనుకుంటారు. మొదట్లో చాలామందికి నొప్పే ఉండదమ్మా. అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, ఎక్కువ శాతం కావు. చూపిస్తేనే కదా తెలిసేది!

హోస్ట్: చేత్తో తడిమి చూస్తే తెలుస్తుందా?

సిస్టర్: ముంబైలో లక్షన్నర మంది మహిళల్ని ఇరవై ఏళ్లు గమనించారు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు సగం మందిని రెండేళ్లకోసారి చేత్తోనే పరీక్షించారు. మిగతా సగంతో పోలిస్తే, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మనకూ 30 నుంచి 65 ఏళ్లలోపు వాళ్లకి ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమం ఉంది.

హోస్ట్: మగ డాక్టరైతే సిగ్గంటారే?

సిస్టర్: మీ ఊరి ఏఎన్‌ఎమ్‌ని అడగమను. తలుపు గడియ పెట్టి తనే చూస్తుంది. పెద్దాసుపత్రికి పోవాల్సి వస్తే ఆశా కార్యకర్తని వెంట రమ్మని అడగొచ్చు. అది ఆమె పనే, మొహమాటమేం అక్కర్లేదు.