మిల్లులు పోయాక ఇళ్ల ధరలు పెరిగిన ఊరు

హోస్ట్: నమస్కారం అండి. మిల్లులు మూతపడితే ఊరు పాడుబడాలి, ఇళ్లు కారుచౌకగా దొరకాలి. ఇంగ్లండ్‌లో హెబ్డెన్ బ్రిడ్జ్ కథ మాత్రం వేరే అంటారు మీరు.

అతిథి: మొదట అలాగే జరిగిందండి. వెస్ట్ యార్క్‌షైర్‌లో చిన్న ఊరది. ఫస్టియన్ అని మందపాటి నూలు గుడ్డ ఉంటుంది, పనివాళ్ల ప్యాంట్లకి వాడేవాళ్లు. దాన్ని నేయడం, కుట్టడం, ఇదే ఊరికి బతుకుతెరువు. ‘ట్రౌజర్ టౌన్’ అనేవాళ్లు. ఆ పని పోయింది, జనం పోయారు. 1960లలో పాత ఇళ్లు కూలగొట్టడం కూడా మొదలైంది.

హోస్ట్: మరి కథ తిరిగిందెక్కడ?

అతిథి: ఆ చౌక దగ్గరే. బొమ్మలేసేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, రాసుకునేవాళ్లు, హిప్పీలు... జేబులో పెద్దగా ఏమీ లేనివాళ్లంతా వచ్చి చేరారు. ఇంటి ఖర్చు తక్కువ కాబట్టి, అమ్ముడుపోతుందో లేదో తెలియని పని కూడా ధైర్యంగా చేసుకున్నారు. ఊరికి కళ వచ్చింది. ఆ కళ చూసి డబ్బున్నవాళ్లు వచ్చారు. లీడ్స్‌కైనా మాంచెస్టర్‌కైనా రైల్లో గంటలోపే, ఇంకేం కావాలి!

హోస్ట్: కొత్త ఇళ్లు కట్టుకోవచ్చుగా?

అతిథి: ఎక్కడ కడతారండీ? నిటారు లోయ. అడుగున ఉన్న కాస్త చదును నేలనీ కాల్డర్ నది, కాలువ, రైలు పట్టాలు, మిల్లులు ఎప్పుడో పంచేసుకున్నాయి. అందుకే ఆ రోజుల్లో ఇంటి మీద ఇల్లు కట్టారు.

హోస్ట్: అంటే అపార్ట్‌మెంటా?

అతిథి: అబ్బే, కాదు. కొండవాలుకి ఆనించి కట్టిన నాలుగంతస్తుల వరస అనుకోండి. కింది రెండంతస్తులూ ఒక ఇల్లు, గుమ్మం కింది వీధిలోకి. పై రెండూ ఇంకొకళ్ల ఇల్లు, గుమ్మం అవతల పై వీధిలోకి. మధ్యలో మెట్లు ఉండవు. కింది ఇంటికి వెనకంతా కొండే. ఆ వైపు కిటికీ ఉండదు, గాలాడదు, గోడకి చెమ్మ. ఇలాంటిది కొనడానికి లోన్ అడిగితే మొదలవుతుంది అసలు తంటా. పైకప్పు కారితే ఎవరు బాగుచేయించాలి, కింది గోడ కుంగితే ఖర్చెవరిది, అన్నీ కాగితం మీద తేలాలి. నన్నడిగితే ఆ ఊరి స్వభావం ఈ గోడల్లోంచే వచ్చింది. పొరుగువాళ్లు నచ్చినా నచ్చకపోయినా మాట్లాడుకోక తప్పదు.

హోస్ట్: (నవ్వు) వరదలు కూడా ఎక్కువే కదా? అయినా ధర దిగదా?

అతిథి: 2015లో క్రిస్మస్ మర్నాడే ఊరి నడిబొడ్డు మునిగింది. ఇక్కడో మెలిక ఉందండి. 2016లో ఫ్లడ్ రీ అనే పథకం వచ్చింది, ముంపు ఉన్న ఇళ్లకి కూడా భరించగలిగే ధరలో బీమా దొరకడానికి. అది 2009కి ముందు కట్టిన ఇళ్లకే. దుకాణాలకి లేదు. అంటే ఇల్లు కొన్నాయనకి భరోసా ఉంది. ఆయన ఏ చిన్న షాపులు చూసి ముచ్చటపడి కొన్నాడో, వాటికి లేదు!

హోస్ట్: మరి పాతవాళ్లు మూటాముల్లె సర్దుకోవాల్సిందేనా?

అతిథి: ఇళ్ల సంగతి చాలామందికి అంతే. కానీ మార్కెట్ చేతికి చిక్కకుండా కొన్ని కాపాడుకున్నారు. 1920లలో కార్మిక సంఘాలు కట్టుకున్న ట్రేడ్స్ క్లబ్‌లో ఇప్పుడు సంగీత కచేరీలు, నడిపేది సభ్యులే. 1921 నాటి సినిమా హాలు టౌన్ కౌన్సిల్‌ది. టౌన్ హాలు 2010లో ఊరి సంఘం చేతికి వచ్చింది. వాళ్లకిది కొత్త కాదు లెండి. 1870లోనే ఫస్టియన్ పనివాళ్లు సహకార సంఘం పెట్టుకుని, 1918 దాకా సొంతంగా నడుపుకున్నారు. వాళ్ల నట్‌క్లఫ్ మిల్లులోకి తర్వాత సౌండ్ మిక్సింగ్ డెస్కులు చేసే కంపెనీ వచ్చింది. లగ్జరీ ఫ్లాట్లు రాలేదు, చూడండి.

హోస్ట్: ఇళ్లకి అలాంటి దారి లేదా?

అతిథి: కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ ఉంది. నేల ఎప్పటికీ ట్రస్టు పేరునే, అమ్మకానికి పెట్టరు. దాని మీది ఇళ్లని స్థానికులకి తక్కువ అద్దెకిస్తారు. కాల్డర్ లోయలోనూ అలాంటి ట్రస్టు ఉంది. కాకపోతే కట్టగలిగేది వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, వాటితో ధరలు దిగిరావు. నాకు ఉక్రోషం ఎక్కడంటే, నేల చౌకగా ఉన్నప్పుడు ఎవరికీ ఈ ఆలోచన రాదు. ఊరికి పేరొచ్చాక పూనుకుంటే ఇక గజం కూడా అందదు.

హోస్ట్: అయితే ఇవాళ మిల్లు మూతపడుతున్న ఊళ్ల మాటేమిటి?

అతిథి: వాళ్లకింకా టైముందండి. షెడ్డు వేలానికి రాకముందే ఊరి సంఘం ఒకటి రిజిస్టరై ఉంటే, కనీసం బేరానికి కూర్చోవచ్చు.

హోస్ట్: ఆ వేలాల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటామండి.