నిద్ర లేకపోతే ప్రాణం పోతుందా?

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, నర్సింగ్ చదువు ముగించుకుని ఈ ఏడాది వార్డుల్లోకి అడుగుపెడుతున్న పిల్లలకు నమస్కారం. నన్ను పిలిచిన ప్రిన్సిపాల్ గారికి కృతజ్ఞతలు. నాకిచ్చింది ఇరవై నిమిషాలే కాబట్టి మర్యాదలు ఇక్కడితో ఆపుతాను.

'నిద్ర, ఆరోగ్యం' గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్కటే అడుగుతాను. నిద్ర లేకపోతే మనిషి చనిపోతాడా?

జంతువులు చనిపోతాయని మనకు తెలుసు. 1894లో రష్యా శాస్త్రవేత్త మరియా మనసెయినా కుక్కపిల్లల్ని నిద్రపోనివ్వకుండా ఉంచితే నాలుగైదు రోజుల్లో చనిపోయాయి. 1980లలో షికాగో విశ్వవిద్యాలయంలో అలన్ రెక్ట్‌షాఫెన్ బృందం ఎలుకల మీద ఇంకా పకడ్బందీగా చేసింది. నీళ్ల మీద గుండ్రటి పళ్లెం, దాని మీద రెండు ఎలుకలు. మొదటిదానికి నిద్ర పట్టబోతే పళ్లెం తిరుగుతుంది, నడవకపోతే నీళ్లలో పడుతుంది. రెండోది కూడా అంతే నడిచింది. కానీ మొదటిది మేలుకుని ఉన్నంతసేపు పళ్లెం ఆగి ఉంటుంది కాబట్టి దానికి కునుకు దొరికింది. నిద్ర లేనివి 11 నుంచి 32 రోజుల్లో పోయాయి. మామూలు కన్నా ఎక్కువ తిని కూడా బరువు తగ్గాయి, తోక మీద, పాదాల మీద పుండ్లు పడ్డాయి, చివరికి ఒంటి వేడి పడిపోయింది. కోసి చూస్తే, చావుకు ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించడానికి ఏ అవయవమూ దొరకలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

మనుషుల మీద అలాంటి ప్రయోగం చెయ్యకూడదు. 1963 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి 1964 జనవరి దాకా, అమెరికాలోని శాన్ డియాగోలో ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ల కుర్రాడు 264 గంటలు మేలుకున్నాడు. చిరాకు పెరిగింది, మాట తడబడింది, లేనివి కనిపించాయి. తర్వాత 14 గంటలు పడుకుని లేచాడు, బతికాడు. దాన్ని చూపించి 'ఏం కాదు' అనేవాళ్లంటే నాకు కోపం. గిన్నిస్ వాళ్లే 1997 నుంచి మేలుకుని ఉండే రికార్డుల్ని నమోదు చెయ్యడం మానేశారు. వంశపారంపర్యంగా వచ్చే ప్రాణాంతక నిద్రలేమి అనే అరుదైన జబ్బు కూడా ఉంది. అందులో ప్రియాన్ అనే ప్రోటీన్ చెడిపోయి మెదడులో థలామస్ అనే భాగాన్ని తినేస్తుంది. అక్కడ మెదడే నాశనమవుతుంది కాబట్టి ఆ చావును నిద్ర ఒక్కదాని ఖాతాలో వెయ్యలేం.

తర్వాత చూపించడానికి స్లైడ్లు తెచ్చాను. వద్దులెండి. మీ యూనిఫాంలు చూస్తుంటే నాకు వేరే సంగతి చెప్పాలనుంది.

నాతోపాటు ఒకే వార్డులో పనిచేసిన సిస్టర్ ఒకావిడ. నైట్ డ్యూటీ అయింది, ఆమె చోట డ్యూటీ ఎక్కాల్సిన రిలీవర్ రాలేదు. మధ్యాహ్నం దాకా ఉండమన్నారు, ఉంది. స్కూటర్ మీద ఇంటికి వెళ్తూ ఆగి ఉన్న లారీని గుద్దింది. పట్టపగలు, ఖాళీ రోడ్డు. బ్రేకు వేసిన గుర్తే లేదు. కాగితాల్లో 'అజాగ్రత్తగా నడపడం' అని రాశారు. అజాగ్రత్తట! సెలైన్ చుక్కల్ని వాచీ పెట్టి లెక్కపెట్టే మనిషి అమ్మా ఆవిడ. ఎవరు ఎప్పుడు డ్యూటీలో ఉన్నారో రాసే రోస్టర్ బుక్ తెప్పించండని నేను ఆఫీసులో అడిగితే, 'ఆమె ఒప్పుకునే ఉంది కదా' అన్నారు. అప్పటికి ఎన్ని గంటలుగా మేలుకుని ఉందో ఒక్కరూ అడగలేదు. ఇప్పటికీ ఎక్కడా అడగరు!

నిన్న రాత్రి డ్యూటీ చేసి ఇటే వచ్చినవాళ్లు చేతులెత్తండి. ఇంతమందా! మీరు బండ్లు తియ్యొద్దు. పక్కవాళ్లు దింపుతారు, లేదా ఇక్కడే పడుకుని వెళ్లండి.

ఎందుకంటే మెదడు మన అనుమతి అడగదు. కళ్లు తెరిచే ఉండొచ్చు, కొన్ని సెకన్లు లోపల దీపం ఆరిపోతుంది. దీన్నే మైక్రోస్లీప్ అంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే సుమారు 67 మీటర్లు, నడిపే మనిషి లేని బండి. 17 గంటలు మేలుకుంటేనే పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ల స్థాయికి దిగుతుందని, 24 గంటలకు అది 0.10 శాతానికి సమానమవుతుందని పరీక్షల్లో తేలింది. మద్యమైతే గొట్టంలో ఊదిస్తారు. నిద్రలేమికి ఊదించే గొట్టం లేదు. పోస్ట్‌మార్టంలో తలకు దెబ్బ కనిపిస్తుంది, నిద్ర కనిపించదు. ఆ ఎలుకల్లోనూ అంతే కదా, కోస్తే ఏమీ దొరకలేదు. అందుకే నిద్ర లేక పోయిన ప్రాణాలు వేరే పేర్లతో నమోదవుతున్నాయి.

అడిగితే ఏమవుతుందో కూడా చెబుతాను. 1984లో న్యూయార్క్‌లో లిబీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోయింది. కారణం మీద వాదన ఏళ్ల తరబడి నడిచింది. కానీ ఆమె తండ్రి పట్టు వదల్లేదు, ఆ రాత్రి డాక్టర్లు ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నారని అడుగుతూనే ఉన్నాడు. 1989లో న్యూయార్క్ రాష్ట్రం రెసిడెంట్ డాక్టర్ల, అంటే ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న డాక్టర్ల పనిని వారానికి 80 గంటలకు కట్టడి చేసింది. 80 కూడా ఎక్కువే. అయినా లెక్క మొదలైంది.

ఇప్పుడు సూపరింటెండెంట్ గారిని అడుగుతున్నాను. అయ్యా, నైట్ దిగినవాళ్లు పడుకుని వెళ్లడానికి తాళం వెయ్యని గది ఒకటి ఇవ్వండి. రిలీవర్ రాని రోజు, ఆపేసిన మనిషిని ఆసుపత్రి బండిలోనే ఇంటికి పంపండి. స్టాఫ్‌కు ప్రమాదం జరిగితే రాసే ఫారంలో 'చివరిసారి నిద్రపోయింది ఎప్పుడు?' అనే గడి చేర్చండి. మీరు తర్వాత మాట్లాడబోతున్నారు కదా, అవునో కాదో ఈ మైకులోనే చెప్పండి. మేమంతా కూర్చునే ఉంటాం.