నల్లగొండ వేసిన ఓటు

శ్రోతలకు నమస్కారం. స్వతంత్ర భారతదేశం 1951-52లో మొట్టమొదటిసారి ఓటేసింది. ఆ లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తంమీద ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థి మన నల్లగొండ నుంచి నిలబడ్డ రావి నారాయణరెడ్డి. ఆయనకు వచ్చినవి 3,09,162. ప్రధానమంత్రి నెహ్రూకు 2,33,571. ఈ లెక్క మీలో చాలామంది వినే ఉంటారు. ఆ ఓట్లు ఎలా కూడాయో ఈ పూట చెప్పుకుందాం.

నారాయణరెడ్డి 1908లో భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో, భూములున్న ఇంట్లో పుట్టారు. 1930లో కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో కలిశారు. తిరిగొచ్చి హైదరాబాద్ సంస్థానంలో హరిజన సేవా సంఘం పని నెత్తికెత్తుకున్నారు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో నిజాం సంస్థానపు తెలుగువాళ్ల సంస్థ ఆంధ్రమహాసభకు అధ్యక్షులయ్యారు. అప్పటిదాకా చదువుకున్నవాళ్ల వేదికగా ఉన్న మహాసభ ఆ రోజుల్లోనే ఊళ్లలోకి దిగింది. సభ్యత్వ రుసుం తగ్గించడంతో కూలివాడు కూడా అందులో చేరగలిగాడు. ‘నీ బాంచను దొరా, కాల్మొక్త’ అనడం తప్ప మరో మాట ఎరగని మనిషి వెట్టి చెయ్యనని ఎదురు నిలిచాడు. 1946 జూలైలో కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక ఆ తిరుగుబాటు సాయుధ పోరాటమైంది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. తుపాకులు దించాలా, కొనసాగించాలా? దించాలన్నారు నారాయణరెడ్డి. పోరాటం నడిపిన సొంత కమ్యూనిస్టు పార్టీలోనే ఆయనను తప్పుపట్టినవాళ్లున్నారు. ఆయన జీవితం మొత్తంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించే ఘట్టం ఇదే. పోరాటంలో కొడుకులను పోగొట్టుకున్న తల్లులున్న ఊళ్లలో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! చివరికి 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది.

వెంటనే ఎన్నికలొచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకని పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్ పేరుతో పోటీ చేశారు. మొన్నమొన్నటిదాకా పోలీసు క్యాంపులు చూసిన పల్లెలు బారులు తీరి ఓటేశాయి. అడివి వదిలి బ్యాలట్ పెట్టె దగ్గరకు వద్దామన్న మనిషికి పల్లె ఇచ్చిన జవాబుగానే ఆ ఓట్లను నేను చూస్తాను.

ఇంకొక సంగతి. నల్లగొండ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం దళితులకు రిజర్వు. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒక్కరికే వేయడానికి వీల్లేదు. నారాయణరెడ్డితో పాటు గెలిచిన రెండో సభ్యుడు సుంకం అచ్చాలు, ఆయనా పీడీఎఫే. ఊరవతల బతికిన కులాల నుంచి వచ్చిన మనిషి, దొరల జిల్లా నుంచి ఢిల్లీకి, మొట్టమొదటి లోక్‌సభకే వెళ్లాడు! పెద్ద సంఖ్య పక్కన ఈ పేరు మరుగున పడిపోవడం నాకు బాధగా ఉంటుంది.

నారాయణరెడ్డి 1957లో భువనగిరి నుంచి శాసనసభకు, 1962లో మళ్లీ నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఐలోనే ఉండిపోయారు. 1991 సెప్టెంబరులో కన్నుమూశారు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇకమీదట నల్లగొండ ఓట్ల లెక్క మీ ఇంట్లో ఎవరైనా చెబితే, రెండో సభ్యుడెవరని కూడా అడగండి. సుంకం అచ్చాలు అని మీరే చెప్పండి.