దయ్యానికి రాత్రి దొరికింది

శ్రోతలకు నమస్కారం.

మా మేనత్తకు దయ్యాల సినిమాలంటే చాలా ఇష్టం. భయపడటం కోసం చూడదు, తప్పులు పట్టడం కోసం చూస్తుంది. నేను కాలేజీలో ఉన్న రోజుల్లో, ఫుట్‌పాత్ మీద కొన్న ఒక వీసీడీ తెచ్చి ఇంట్లో పెట్టాను. 1922 నాటి జర్మన్ మూకీ సినిమా, పేరు ‘నొస్ఫెరాటు’. దర్శకుడు మూర్నౌ. రక్తం తాగే పిశాచం కథల్లో ఇదే పెద్దదిక్కు అని ఎక్కడో చదివి, ఎగబడి కొన్నాను. తీరా చూస్తే బొమ్మంతా బూడిద రంగు. ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, కళ్ళూ ముక్కూ వెతుక్కోవాలి. ప్రతివాడూ బస్సు తప్పిపోతున్నట్టు గబగబా పరుగెడుతున్నాడు.

కొంతసేపటికి ఆ పిశాచం, కౌంట్ ఓర్లాక్, ఓడ దిగి ఊళ్ళోకి వచ్చాడు. బోడిగుండు, కోసుగా నిలబడ్డ చెవులు, ముందుకు పొడుచుకొచ్చిన ఎలుక పళ్ళు. తన శవపేటికను తానే మోసుకుంటూ వీధిలో నడుస్తున్నాడు. వీధంతా తెల్లటి వెలుగు. చేటలో బియ్యం ఏరుకుంటున్న అత్తయ్య తలెత్తి చూసి, “ఏరా, ఎండ తగిలితే ఛస్తాడన్నావు కదా వీడు? మరి పట్టపగలు పెట్టె నెత్తుకుని ఊరేగుతున్నాడేంటి?” అంది.

నా దగ్గర జవాబు లేదు. “పాత సినిమా కదత్తా, అప్పట్లో అంతే” అని నసిగాను. అది తప్పుడు జవాబని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అసలు జవాబు, ఆ సినిమాను బాగుచేసి తెచ్చిన బ్లూరే డిస్కులో ఉంది. ఇవాళ దాని గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు కథ ఎలా పుట్టిందో చెబుతాను. బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ నవల 1897లో వచ్చింది. ఆయన 1912లో పోయారు. తర్వాత దాదాపు పదేళ్ళకు జర్మనీలో అల్బిన్ గ్రావ్ అనే కళాకారుడు మరొకరితో కలిసి ఒక సినిమా కంపెనీ పెట్టాడు. క్షుద్రవిద్యల మీద, తూర్పుదేశాల తత్వం మీద గురి ఉన్న మనిషి. కంపెనీకి పెట్టిన పేరు ‘ప్రానా ఫిల్మ్’. అవునండి, మన ప్రాణమే. పేరు ప్రాణమే గానీ ఆయుష్షు మాత్రం ఒక్క సినిమా. వీళ్ళు స్టోకర్ కథను తీసుకుని డ్రాక్యులాను ఓర్లాక్‌గా మార్చారు, లండన్‌ను విస్బోర్గ్ అనే జర్మన్ ఊరుగా మార్చారు. హక్కులు మాత్రం కొనలేదు.

ఆ రోజుల్లో జర్మన్ సినిమాలు ఎక్కువగా స్టూడియోలో అట్టముక్కల సెట్లు వేసి తీసేవారు. మూర్నౌ కెమెరాను బయటికి తీసుకెళ్ళాడు. పిశాచం కోటగా ఇవాళ్టి స్లొవేకియాలో ఉన్న ఒరావా కోట. ఊరేమో ఉత్తర జర్మనీలోని విస్మార్. ఓర్లాక్ కొన్న పాడుబడ్డ ఇల్లుగా, ల్యూబెక్ నగరంలో నది ఒడ్డున వరసగా నిలబడ్డ పాత ఉప్పు గోదాములు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఓర్లాక్ వేషం వేసిన నటుడి అసలు పేరు మాక్స్ ష్రెక్. జర్మన్‌లో ష్రెక్ అంటే హడలు అని అర్థం. సినిమా కోసం పెట్టుకున్న పేరు కాదు, ఇంటిపేరే అది.

1922 మార్చి 4న బెర్లిన్ జంతుప్రదర్శనశాల ఆవరణలోని మార్బుల్ హాల్లో మొదటి ఆట ఆడింది. కొన్నాళ్ళకే స్టోకర్ భార్య ఫ్లోరెన్స్‌కు సంగతి తెలిసింది. భర్త పోయాక ఆవిడకు మిగిలిన ఆస్తిలో ముఖ్యమైనది ఆ నవలే. కోర్టుకెక్కింది. అప్పటికే ప్రానా కంపెనీ దివాలా తీసింది, డబ్బు రాబట్టుకునే దారి లేదు. చివరికి 1925లో జర్మన్ కోర్టు తీర్పు చెప్పింది: సినిమా నెగెటివ్‌నూ, ప్రింట్లన్నిటినీ నాశనం చేయండి అని.

ఆవిడను చాలామంది విలన్‌లా చూస్తారు. నాకలా అనిపించదు. భర్త రాసిన పుస్తకం మీద ఆధారపడ్డ మనిషి, దాన్ని అడక్కుండా వాడుకున్నవాళ్ళ మీద కేసు వేయక ఏం చేస్తుంది? కాకపోతే ఆవిడ గెలిచి ఉంటే, పూర్తిగా గెలిచి ఉంటే, ఇవాళ నాకు ఈ ప్రసంగం ఉండేది కాదు. తీర్పు వచ్చేసరికే ప్రింట్లు దేశాలు దాటిపోయాయి. అసలు నెగెటివ్ పోయింది గానీ, అక్కడొకటి ఇక్కడొకటిగా కాపీలు బతికాయి. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. ఎవరికి తోచినట్టు వాళ్ళు కత్తిరించుకున్నారు, ఎవరి భాషలో వాళ్ళు మధ్యలో వచ్చే అక్షరాల కార్డులు మార్చేసుకున్నారు. నా వీసీడీ ఆ వంశంలో ఎన్నో తరమో లెక్కతేల్చలేను.

ఇక అత్తయ్య ప్రశ్నకు వద్దాం.

ఆ కాలపు ఫిల్ముకు, లైట్లకు, చీకట్లో ఆరుబయట రాత్రి తీసే శక్తి అంతంత మాత్రమే. అందుకని పగలే తీసేవారు. మన సినిమావాళ్ళు ఇప్పటికీ ‘డే ఫర్ నైట్’ అంటారే, అదే పని. అయితే పగలు తీసినదాన్ని రాత్రి అని చూసేవాడికి చెప్పేదెలా? ఫిల్మును రంగులో ముంచేవారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ పద్ధతి చాలా సులువైనది. థియేటర్‌కు వెళ్ళే ప్రింటులో ఏ ముక్క రాత్రో దాన్ని విడిగా తీసి, రంగు నీళ్ళ తొట్టిలో వేసి, ఆరబెట్టి, మళ్ళీ అతికేవారు. చీరలకు అద్దకం వేసినట్టే. రాత్రికి నీలం, పగటికీ దీపం వెలుగుకీ పసుపు, తెల్లవారుజాముకు గులాబీ ఛాయ. 1920లలో థియేటర్లో కూర్చున్నవాడికి తెర నీలంగా మారిందంటే చాలు, చీకటి పడిందని అర్థమైపోయేది. ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక్కడే అసలు చిక్కు. ఆ రంగు ఉండేది ప్రింటులోనే. నెగెటివ్‌లో ఉండదు. తర్వాతి రోజుల్లో ఎవరో ఆ ప్రింటు నుంచి మామూలు నలుపు తెలుపు ఫిల్ము మీదికి కాపీ తీశారనుకోండి, బొమ్మ వస్తుంది గానీ నీలం రాదు. నీలం రాకపోతే రాత్రి రాదు. దశాబ్దాల పాటు జనం చూసిందీ, టీవీల్లో వేసిందీ, క్యాసెట్లలో డిస్కుల్లో అమ్మిందీ ఎక్కువగా అలాంటి కాపీలే. ఓర్లాక్ పాపం పగలంతా తిరుగుతూనే ఉన్నాడు.

మన దయ్యాలకైతే ఇది పెద్ద ఇబ్బంది కాదనుకోండి. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. స్టోకర్ నవల్లో డ్రాక్యులా కూడా పగలు తిరగగలడు, శక్తులు తగ్గుతాయంతే. ఎండకు పిశాచం మాడిపోతుందన్న సంగతిని గట్టిగా తెర మీదికి తెచ్చింది ఈ సినిమానే. కథానాయిక ఎలెన్, ఊరిని పట్టిన ఈ పీడ పోవాలని, కోడి కూసేదాకా వాణ్ణి తన దగ్గరే ఆపుతుంది. పొద్దు పొడుస్తుంది, వాడు పొగైపోతాడు. కథ మొత్తం రాత్రికీ పగటికీ మధ్య నున్న గీత మీద నిలబడింది. ఆ గీతను చెరిపేసిన కాపీలో ఈ ముగింపు చూస్తే మా అత్తయ్యలాగే ఎవరైనా అడుగుతారు: ఇంతసేపూ వెలుగులో తిరిగినవాడు ఇప్పుడెందుకు చచ్చాడు?

సినిమాను బాగుచేసే పని ఒక్కసారిగా జరగలేదు. 1980ల నుంచీ విడతలు విడతలుగా సాగింది. ఇప్పుడు మనకు బ్లూరేలో దొరికేది 2005-06లో జర్మనీలోని మూర్నౌ ఫౌండేషన్ తరఫున స్పెయిన్‌కు చెందిన లుచియానో బెర్రియాటువా చేసింది. ఇటలీలో బొలోన్యా నగరంలోని లాబ్‌లో పని జరిగింది. దీనికి ఆధారం పారిస్‌లోని సినెమాతెక్ అనే సినిమా భాండాగారంలో దాచిన ఒక ప్రింటు. 1922 నాటిది, ఫ్రెంచి కార్డులున్నది, రంగుల్లో ముంచినది. ఏ దృశ్యానికి ఏ రంగు వేశారో అందులో కళ్ళకు కనిపిస్తోంది. అందులో లేని ముక్కల్ని, చెకోస్లొవేకియాకు వెళ్ళిన ఒక ప్రింటు నుంచి దిగిన కాపీలోంచి తెచ్చారు. మరికొన్ని 1930లో పేరు మార్చి మళ్ళీ విడుదల చేసిన రకంలోంచి వచ్చాయి. జర్మన్ కార్డులు ఇంకో కాపీలోంచి తెచ్చుకున్నారు. ఎక్కడా దొరకని కార్డుల్ని పాత అక్షరాల తీరులో కొత్తగా రాయించారు. అలా రాయించిన ప్రతి కార్డు మీదా ‘ఎఫ్‌డబ్ల్యూఎంఎస్’ అని, మూర్నౌ ఫౌండేషన్ జర్మన్ పేరులోని పొడి అక్షరాలతో, చిన్నగా గుర్తు పెట్టారు. నాకు బాగా నచ్చింది ఈ గుర్తే. చినిగిన చీరకు రఫ్ఫు చేసి, ఇదిగో ఇక్కడ నేను కుట్టాను అని వేలు పెట్టి చూపించినట్టుంటుంది.

ఇంకో సంగతి వేగం. మూకీ సినిమాలు తీసినప్పుడు కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు ఇన్ని బొమ్మలని ఇప్పుడున్నంత కచ్చితం లేదు, సాధారణంగా తక్కువే. వాటిని సెకనుకు 24 బొమ్మల లెక్కన ఆడిస్తే అందరూ కీలు బొమ్మల్లా గంతులేస్తారు. బాగుచేసిన కాపీ సుమారు గంటన్నర దాటి నడుస్తుంది, మనుషులు మనుషుల్లా నడుస్తారు. దీనివల్ల కలిగే లాభం నేను ఊహించలేదు. కోటకు తీసుకెళ్ళడానికి అడవిలోకి ఒక గుర్రబ్బండి వస్తుంది. మూర్నౌ దాన్ని కావాలనే విడ్డూరమైన వేగంతో కదిలేలా తీశాడు. ఒకచోట నెగెటివ్ బొమ్మనే వాడాడు, చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా. పాత కాపీలో అందరూ పరుగెడుతుంటే ఈ బండి పరుగు ఎవరికి ఆనుతుంది? ఇప్పుడు నెమ్మదిగా నడిచే లోకంలోకి ఆ బండి దూసుకొస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

సంగీతం కూడా తిరిగొచ్చింది. మొదటి ఆటకు హాన్స్ ఎర్డ్‌మన్ వాద్యబృందం కోసం రాసిన సంగీతాన్ని, అచ్చయి మిగిలినదాని ఆధారంగా, బెర్న్‌ట్ హెల్లర్ మళ్ళీ కూర్చాడు. ఇది నాకు అక్కడక్కడా మరీ మెత్తగా అనిపిస్తుంది. దయ్యం సినిమాకు ఇంత తీయదనమా అనిపిస్తుంది. అది నా అభిప్రాయం.

పాత సినిమాకు రంగు అనగానే మనకు 2010 గుర్తొస్తుంది. ఆ ఏడాది ‘మాయాబజార్’కు కంప్యూటర్‌లో రంగులద్ది థియేటర్లలో వేశారు. మా ఇంట్లో పిల్లలు సంబరంగా చూశారు, కాదనను. కానీ 1957లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ వెన్నెలను నలుపు తెలుపుల్లోనే లెక్కగట్టి పండించాడు. నాకు అదే చాలు. ఓర్లాక్ నీలం సంగతి వేరు. అది తీసినవాళ్ళే వేసిన రంగు, మధ్యలో పోగొట్టుకున్న రంగు.

మూర్నౌ ఈ సినిమా తీస్తున్న 1921లోనే మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ తీశారు. తెలుగువాళ్ళు తీసిన తొలి సినిమా. దాన్ని కాల్చేయమని ఏ కోర్టూ చెప్పలేదు. అయినా ఇవాళ చూద్దామంటే మనకు ఒక్క రీలు లేదు. ఆ కాలంలో వాడిన నైట్రేట్ ఫిల్ము త్వరగా అంటుకుంటుంది, అంటుకోకపోతే డబ్బాలోనే జిగురై పొడైపోతుంది. ఎవరో ఒకరు చల్లటి గదిలో పెట్టి కనిపెట్టుకుని ఉండాలి.

‘నొస్ఫెరాటు’ బ్లూరే 2013లో బ్రిటన్‌లో, అమెరికాలో వచ్చింది. ఇంటర్నెట్‌లోనూ ఈ సినిమా కొల్లలుగా ఉంది గానీ సగం పాత బూడిద కాపీలే. చూసేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఓర్లాక్ శవపేటిక మోసుకుపోయే చోటికి వెళ్ళండి. వీధి నీలంగా ఉంటే కూర్చుని చూడండి. తెల్లగా ఉంటే ఆపేయండి.

డిస్కు చేతికొచ్చాక అత్తయ్యను పిలిచి మళ్ళీ పెట్టాను. ఆవిడకిప్పుడు డెబ్బై దాటాయి, చేటలో బియ్యం ఏరే పని లేదు, కళ్ళజోడు మాత్రం మందమైంది. శవపేటిక వీధి వచ్చింది, నీలంగా. ఆవిడేమీ అనలేదు. తప్పు దొరకలేదన్నమాట. చివర్లో ఎలెన్ గదిలో ఓర్లాక్ వంగి ఉన్నాడు. కోడి మెడ చాచింది. మూకీ కదా, కూత వినబడదు. నీలం తొలగిపోయి గది రంగు మారింది.

“తెల్లారిందిరా” అంది అత్తయ్య, ఓర్లాక్ ఇంకా తలెత్తకముందే.

నమస్కారం.